పనసచెట్టు కింద చీపురు ఆపితే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత పెంకుటిల్లు దేనికైనా వెనక్కి వెళ్లి చూస్తే ఒక మూల కనిపిస్తుంది. పనసో మామిడో చింతో ఒక పెద్ద చెట్టు, దాని కింద నుయ్యి, నూతి పక్కన గిన్నెలు తోముకునే గట్టు, ఆ నీళ్లు పారే చోట నాలుగు అరటి పిలకలు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ నేల మీద ఎండ రూపాయి బిళ్లలంత ముక్కలుగానే పడుతుంది. ఇంటివాళ్ల లెక్కలో అది పనికిరాని జాగా. వంగ వేస్తే పూత నిలవదు, బెండ వేస్తే సన్నగా సాగి వాలిపోతుంది, బంతి మొగ్గే తొడగదు. అందుకే చాలా ఇళ్లలో ఆ జాగాకి చివరికి రెండే గతులు: సిమెంటు గచ్చు, లేకపోతే బండి పెట్టుకోవడానికి రేకుల షెడ్డు.

పిట్టలూ సీతాకోకచిలుకలూ రావాలని ముచ్చటపడేవాళ్లు కూడా ఎండ ఉన్న వైపే చూస్తారు. నర్సరీకి వెళ్లి పూలమొక్కలు తెస్తారు, రెండు నెలలు చూసుకుంటారు. ఎండ జాగా పూలతో పిలుస్తుంది, నిజమే. నీడ జాగాకి ఉన్న సరంజామా వేరు: ఆరని తడి, రాలిన ఆకు, మనిషి అలికిడి లేకపోవడం. ఈ మూడూ పైసా ఖర్చు లేకుండా అక్కడ ముందునుంచే ఉన్నాయి. రోజూ పొద్దున్నే వాటిని ఊడ్చి, పోగేసి, అగ్గిపుల్ల గీసి తగలేస్తున్నది మనమే.

ఊడవడం మీద ఈ ప్రాంతంలో పట్టింపు ఎక్కువ. తెల్లారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టడం ఇంటి మర్యాదకు సంబంధించిన సంగతి. అదే చీపురు పెరట్లోకీ వెళ్తుంది. చెట్టు కింద ఆకులు అలాగే పడి ఉంటే ‘ఇల్లు పాడుబెట్టేశారు’ అనే మాట పక్కింటి గోడ మీంచి రావడానికి రెండు రోజులు పట్టదు. ఆ మాటను తేలిగ్గా తీసుకుని లాభం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చని పెరటి ముచ్చట ఏదైనా నెల తిరక్కుండా బుగ్గయిపోతుంది, ఈ విషయంలో అయితే అక్షరాలా. ఇక్కడ పనిచేసే ఉపాయం హద్దు గీయడం. వాకిలి, పక్క సందు, నూతి గట్టు ఎప్పటిలాగే ఊడ్చుకోవచ్చు. చెట్టు మొదలు చుట్టూ ఓ పదడుగుల మేర పాత పెంకులో ఇటుకలో వరసగా పాతితే, లోపల ఉన్నది కావాలని ఉంచుకున్నదేనని చూసేవాళ్లకి అర్థమవుతుంది. ఊడ్చిన ఆకుల్ని ఆ వరస లోపలికి తోసేస్తే చీపురు పట్టినవాళ్లకి పనీ తగ్గుతుంది, పొగా తప్పుతుంది.

ఆ తర్వాత లోపల ఏం జరుగుతుందో శ్రావణంలో, రెండు మూడు గట్టి వానలు పడ్డాక చూడాలి. చెయ్యి పెట్టకూడదు, పుల్లతోనే కదపాలి, తేళ్లుంటాయి. పై పొరలో పనసాకులు ఇంకా గోధుమరంగులో, చర్మంలా గట్టిగా, పుల్ల తగిలితే గలగలమంటూ ఉంటాయి. రెండో పొరకి వచ్చేసరికి చప్పుడు ఆగిపోతుంది. ఆకులు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మధ్యలో తెల్లటి దారాల్లాంటి బూజు పాకి ఉంటుంది. కొన్ని ఆకుల్లో మెత్తని భాగమంతా పోయి ఈనెలు మాత్రం జల్లెడలా మిగులుతాయి. దాని కింద ఆకు అనేదే కనిపించదు. తడిసిన టీపొడిలాంటి మట్టి, వానకి ముందు వచ్చే వాసన. పుల్ల తగలగానే రోకలిబండ ఒకటి చుట్ట చుట్టుకుంటుంది. ఎర్ర (వానపాము) ఒకటి మెలికలు తిరిగి లోపలికి జారుతుంది. ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి పురుగులు ఎగిరెగిరి పడతాయి. నూనె రాసినట్టు మెరిసే నలికిరి ఒకటి ఆకుల కిందనుంచి ఆకుల కిందికే పరుగెడుతుంది.

ఆకుని ముక్కలు చేసేవి రోకలిబండలూ చెదలూ. ఆ ముక్కల్ని కరిగించేవి బూజూ సూక్ష్మజీవులూ. వాటిని తిని బతికేవి ఆ తెల్లటి ఎగిరే పురుగులు, వాటి మీద సాలీళ్లు, జెర్రులు, నలికిరులు. ఇదంతా తడి ఉన్నంతసేపే నడుస్తుంది. ఎండలో పోసిన ఆకుకుప్ప మూడు రోజుల్లో అప్పడంలా ఎండిపోతుంది, అందులో ఎవరూ కాపురం పెట్టరు. పనికిరాదనుకున్న నీడకున్న విలువ ఇదే: వేసవి వచ్చేదాకా ఆ కింది పొరని అది ఆరనివ్వదు.

పిట్టలు వచ్చేది ఈ పురుగుల కోసమే. బూడిదరంగులో, ఆరేడు కలిసి కలకలమంటూ తిరిగే సిద పిట్టల గుంపుని చూడాలి. ఒక్కో ఆకునీ ముక్కుతో పట్టి పక్కకి విసిరి కింద చూసుకుంటూ, పొలంలో కలుపు తీసే కూలీల్లా వరసగా సాగిపోతాయి. పెద్ద నల్లంచి ఒంటరిది. తక్కువ కొమ్మ మీద కూర్చుని కిందికి దిగడం, ఒకటి అందుకుని మళ్లీ కొమ్మ ఎక్కడం దాని పద్ధతి. మాఘం దాటాక తెల్లవారుజామున పాడే పాట కోసమైనా దానికి ఒక మూల వదలొచ్చు. జెముడుకాకి అరిటాకుల చాటున నడుస్తూ నత్తల్ని ఏరుకు తింటుంది. కూరపాదులు పెట్టేవాళ్లకి అది చేసే మేలు ఏ మందూ చెయ్యదు.

మిణుగురుల సంగతి చాలామందికి తెలియదు. అవి పెరట్లో తగ్గిపోయాయని బాధపడతాం కానీ, మిణుగురు తన జీవితంలో ఎక్కువ భాగం గడిపేది రెక్కలు రాకముందు, ఇలాంటి తడి ఆకుల్లోనే. పిల్లదశలో దాని తిండి నత్తలూ మెత్తటి పురుగులూ. ఆకులు తగలేసిన చోట రాత్రి దీపాలు ఎగరవు. వెనక గోడకి రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ బల్బు ఉన్నా రావు, ఆ వెలుగులో ఒకదాని మిణుకు ఇంకొకదానికి కనపడదు కాబట్టి. బల్బుకి స్విచ్చి ఉంటుంది, పడుకునే ముందు కట్టేస్తే సరి.

నీళ్ల దగ్గరికి వస్తే, లోతు లేని మట్టి మూకుడు ఒకటి, అందులో పిట్ట నిలబడడానికి ఒక రాయి చాలు. పిల్లి మాటు వేసే పొదకి నాలుగైదు అడుగుల ఎడంగా పెట్టాలి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది మళ్లీ నింపాలి. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి ఎండాకాలంలో కూడా వారం రోజులు పడుతుంది, కాబట్టి ఈ లెక్క తప్పకపోతే డెంగీ భయం మూకుడు నుంచి రాదు. అసలు దోమలు పుట్టేది పాత టైరులో, కొబ్బరి చిప్పలో, కూలర్ అడుగున. నింద మాత్రం ఎప్పుడూ చెట్టు మీద పడుతుంది.

నీళ్లు నిలవచేసే గాబు ఉన్న ఇళ్లలో ఇంకో వింత ఉంది. తొలకరి వానలు పడ్డ వారంలో, గాబు లోపలి గోడకి నీటి మట్టం పైన పిడికెడు తెల్లటి నురగ ముద్ద అంటుకుని కనిపిస్తుంది. సబ్బు నురగ ఆరిపోయిందనుకుని చాలామంది చీపురుతో గీకేస్తారు. అది చెట్టుకప్ప గూడు. మామూలు రోజుల్లో స్నానాల గది గోడకి అంటుకుని, వేళ్ల చివర బొట్టుబిళ్లల్లాంటి గుండ్రటి మెత్తలతో కదలకుండా కూర్చునే గోధుమరంగు కప్పే అది. ఆడకప్ప గుడ్లు పెడుతూ వెనక కాళ్లతో చిలికి ఆ నురగ తయారు చేస్తుంది. పైన గట్టిపడి లోపల తడి నిలుస్తుంది. కొన్ని రోజులకి తోకకప్పలు లోపలినుంచి జారి నీళ్లలో పడతాయి. నీళ్లు లేనిచోట అది గూడు కట్టదు, నీడ లేని గాబుని పెద్దగా ఇష్టపడదు.

ఇక్కడ ఒక చిక్కుంది. తోకకప్పలు దోమపిల్లల్ని శుభ్రంగా తినేస్తాయని నమ్మకూడదు. దోమల కోసం గాబులో చేపలు వదిలితే దోమపిల్లలతోపాటు తోకకప్పలూ పోతాయి. రెండూ కావాలనుకుంటే రెండు తొట్లు పెట్టుకోవాలి: వాడుక నీళ్లకి మూత ఉన్న గాబు, కప్పలకి చెట్టు కింద ఒక పాత కుడితి గోలెం. గోలెంలో దోమపిల్లలు కనిపిస్తే టీ వడపోసుకునే జల్లితో మూడు రోజులకోసారి తీసేయొచ్చు. పిల్లలకి ఈ పని అప్పజెప్పితే ఇష్టంగా చేస్తారు. వానాకాలం అయ్యాక గోలెం బోర్లించేస్తే సరి.

నూతి గట్టు నీళ్లు ఒకప్పుడు అరటికి ప్రాణం. బియ్యం కడుగు, గిన్నెలు బూడిదతో తోమిన నీళ్లు. ఇప్పుడు అదే కాలవలో డిటర్జెంట్ పౌడరూ, బాత్రూంలు కడిగే యాసిడ్డూ పారుతున్నాయి. ఆ నీళ్లు అరటికి పెద్దగా నష్టం చెయ్యకపోవచ్చు గానీ కప్ప చర్మం వాటిని తట్టుకోలేదు. కడుగు నీళ్లు ఒకవైపు, సబ్బు నీళ్లు ఒకవైపు మళ్లించడానికి ఒక మూర పైపు చాలు.

మొక్కల విషయంలో పెద్ద జాబితా అక్కర్లేదు. సగం నీడకి ఓర్చుకునేవి ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే: కరివేపాకు, పసుపు, చేమ, కంద, తమలపాకు తీగ, నందివర్ధనం, నూరువరహాలు. ఇందులో కరివేపాకుకి ప్రత్యేక స్థానం ఇవ్వాలి. లేత ఆకు మీద అచ్చం పిట్ట రెట్టలాంటి మరక కనిపిస్తే గోటితో గీకేముందు ఒకసారి వంగి చూడాలి. అది కదిలితే నల్ల రెక్కల మీద తెల్లమచ్చల వరస ఉండే పెద్ద సీతాకోకచిలుక పిల్ల. రెట్టలా కనిపించడం పిట్టల నుంచి తప్పించుకునే ఎత్తు. నాలుగైదు కుబుసాలు విడిచేలోగా ఆకుపచ్చగా మారుతుంది. పులుసుకి కావలసిన రెమ్మలు ఎటూ మిగులుతాయి. మరీ బాధనిపిస్తే రెండో మొక్క వేసుకోవచ్చు, కరివేపాకు పిలకలకి కొరతేముంది? నందివర్ధనం ఆకుల్ని తినే లావుపాటి ఆకుపచ్చ పురుగుకి పక్కన కళ్లలాంటి నీలిమచ్చలుంటాయి. దాన్ని చూసి కెవ్వుమనేవాళ్లే ఎక్కువ. పెరిగాక అది సంధ్యవేళ పూల ముందు గాల్లో నిలబడి తేనె తాగే పెద్ద చిమ్మట అవుతుంది.

పూలతో పనిలేని సీతాకోకచిలుకలు కూడా ఉన్నాయి. మునిమాపువేళ చెట్టు కింద నడుస్తుంటే కాళ్ల ముందునుంచి ఒక ఎండుటాకు లేచి, నాలుగడుగుల అవతల మళ్లీ ఆకుల్లో వాలి మాయమవుతుంది. వరిచేల ఊళ్లలో ఇది మామూలు, దాని పిల్లలు వరి, గడ్డి ఆకులు తింటాయి. వానాకాలంలో పుట్టినవాటికి రెక్క అడుగున కళ్లలాంటి గుండ్రటి మచ్చలుంటాయి. వానలు వెనకబట్టాక పుట్టినవాటికి ఆ మచ్చలు దాదాపు ఉండవు, అచ్చు ఎండుటాకే. ఇవి వచ్చేది మగ్గి పులిసిన పండు రసం కోసం. మచ్చపడ్డ అరటిపండో, కిందపడి చితికిన మామిడిపండో ఒక పళ్లెంలో పెట్టి, ఆ పళ్లేన్ని నీళ్లున్న పెద్ద పళ్లెంలో ఉంచితే చీమలు పట్టవు.

నీడ అంటే చివరికి చెట్టే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం తీరపు తోటల ప్రాంతం ఉద్దానంలో ఒక్కపూటలో నేలకొరిగింది కొబ్బరి, జీడి, పనస మాత్రమే కాదు, వాటి కింద తరాలుగా ఉన్న చల్లదనం కూడా. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విజయనగరం వైపు అదే పని చేసింది. మొక్క మళ్లీ నాటితే కాయ కొన్నేళ్లకి వస్తుంది, గుబురు నీడ రావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆలోగా పందిరి వేసి తమలపాకో పొట్లో పాకించడం ఒక దారి. పడిపోయిన మానుల్లో ఒక మామిడి దుంగనో పనస దుంగనో నీడలో వదిలేస్తే పుట్టగొడుగులు, తొలుచు పురుగులు, వాటి కోసం వడ్రంగి పిట్ట వరసగా వస్తాయి. కొబ్బరి మాను మాత్రం వదలకూడదు. కుళ్లే కొబ్బరి దుంగలోనూ, మాగని గత్తం కుప్పలోనూ కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అది పెరిగి పోయేది పక్క తోటలో బతికున్న కొబ్బరి మొవ్వులోకే. ఉద్దానంలో ఉండి ఈ ఒక్క సంగతి మర్చిపోతే పిట్టల ముచ్చట పక్కరైతుతో తగాదాగా మారుతుంది. ఏ దుంగైనా ఇంటి గోడకి ఆనించకూడదు, చెదలు దూలాల దాకా వస్తాయి.

ఇళ్ల మధ్య చెట్టు కొట్టకుండా ఉంచితే ఏమవుతుందో చూడటానికి శ్రీకాకుళం జిల్లావాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు. టెక్కలి మండలం తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, రంగురంగుల పెద్ద కొంగలు ఏటా గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు తొలకరితో దిగుతాయి. ఏటా పేపర్లో ‘సైబీరియా అతిథులు’ అని రాస్తారు గానీ, ఈ మూడు జాతులూ దక్షిణాసియాకి, దాని చుట్టుపక్కలకి చెందినవే, సైబీరియా మొహం చూసినవి కావు. అతిథులంటే సంబరంగానే ఉంటుంది, ఇంటి పిట్టలంటే బాధ్యత పెరుగుతుందనేమో.

ఇక అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న: పాములో? ఆకులూ కప్పలూ ఉన్నచోటికి పాము రాదని చెప్పడం అబద్ధం. ఎక్కువసార్లు కనిపించేది జెర్రిపోతు. విషం లేదు, ఎలుకల్ని తింటుంది, తాచు అనుకుని మనవాళ్లు కొట్టి చంపేది దాన్నే. కానీ రక్తపింజరి ఎండాకుల రంగులో కలిసిపోతుంది, కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి కింద పడుకున్నవాళ్లని నిద్రలోనే కాటేస్తుంది. అందుకే దూరం ముఖ్యం. వెనక గుమ్మానికీ ఆకుల హద్దుకీ మధ్య కనీసం పదిహేనడుగులు చక్కగా ఊడ్చిన ఖాళీ నేల ఉండాలి. చీపురు గట్టిగా పనిచేయాల్సిన చోటు అదే. గోడవారన కట్టెలు, ఇటుకలు పేర్చకూడదు. కోళ్లకి వేసిన నూకలు రాత్రికి మిగలకూడదు, నూకలకి ఎలుక, ఎలుకకి పాము. ఆకుల్లోకి చెప్పుల్లేకుండా ఎవరూ దిగకూడదు, చీకటిపడితే టార్చి లేకుండా వెళ్లకూడదు. కింద పడుకునే అలవాటున్న ఇంట్లో మంచమూ దోమతెరా కావాలి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం అంటూ కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి.

రెండు సెంట్ల జాగాలో ఇల్లు పోగా పదిహేనడుగులు మిగలవు. విజయనగరం టౌన్లో చాలా ఇళ్ల పరిస్థితి ఇదే. అలాంటిచోట ఆకుకుప్ప పెట్టకపోవడమే మంచిది. మూకుడు నీళ్లు, కుండీలో కరివేపాకు, గోడకి ఒక తీగ, అంతే. పాకే పిల్లలున్న ఇంట్లో కూడా అంతే.

కొండలకీ జీడితోటలకీ ఆనుకున్న ఉద్దానం ఊళ్లకి ఇంకో జాగ్రత్త ఉంది. పనస మగ్గిన వాసన సీతాకోకచిలుకలకే కాదు, ఎలుగుబంటికీ అందుతుంది. జీడిపళ్లు, పనసపళ్ల కాలంలో అవి ఊళ్ల అంచుకి రావడం అక్కడివాళ్లకి కొత్త కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒకరు బలయ్యారు, పలువురు గాయపడ్డారు. ఆ ఊళ్లలో పండు చెట్టున మగ్గకముందే దింపేయాలి, రాలినది పూడ్చేయాలి. పులిసిన పండు పళ్లెం ముచ్చట శ్రీకాకుళం టౌన్లోనో బొబ్బిలిలోనో తీర్చుకోవాలి.

ఇన్ని జాగ్రత్తల మధ్య ఆకుల హద్దు నిలబెట్టుకున్న ఇంటికి దసరా రోజుల్లో ఒక అపురూపమైన పిట్ట రావొచ్చు. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, గోధుమవన్నె రొమ్ము, తోక కింద ఎరుపు, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లచార, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. పొన్నంకి పిట్ట అంటారు. వానాకాలం హిమాలయాల పాదాల దగ్గరా మధ్య భారతంలోనూ పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ దిగుతుంది. ఎగిరేది రాత్రిపూట. తిండి మొత్తం నేల మీదే, నీడలో, రాలిన ఆకులు తిరగేసి. పొద్దున్నే, మళ్లీ మునిమాపున రెండు ముక్కల ఈల వేస్తుంది, మిగతా పగలంతా చప్పుడుండదు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పక్షి ఉన్న ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకి) శాస్త్రీయ నామం పెట్టినప్పుడు వాడిన మాట ‘పిట్టా’. మలేషియాలోనూ ఆస్ట్రేలియాలోనూ దీని చుట్టాలందరినీ ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. అది మన పిట్టే.

రాత్రి ప్రయాణంలో అలిసిపోయి, దీపాలకి తికమకపడి, అది ఒక్కోసారి వరండాలోనో నూతి గట్టు మీదో కదలకుండా కూర్చుని దొరుకుతుంది. ఎవరి పంజరంలోంచో తప్పించుకున్నదనుకుని పెంచుకోబోతారు. అది నేరం, పైగా పంజరంలో బతకదు. గాలి ఆడే చిన్న చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, అందులో ఉంచి మూత పెట్టి, పిల్లికీ పిల్లలకీ అందని చీకటి గదిలో ఒక మూల పెట్టాలి. ముక్కు తెరిచి నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊరికే మూత తీసి చూడకూడదు. పొద్దు వాలే వేళకి పెట్టెని పనసచెట్టు కిందికి తీసుకెళ్లి, ఆకుల పక్కన నేల మీద పెట్టి, మూత తీసి, వెనక్కి వచ్చేయాలి. ఓపిక వచ్చినదైతే రెండు గంతుల్లో ఆకుల మీదికి దిగి, ఒక ఆకు తిరగేసి చూస్తుంది.